బోర్డు మారిన కంపెనీ



మీలో కొందరి అమ్మానాన్నలు మాదాపూరు, గచ్చిబౌలి, కొండాపూరు ప్రాంతాలలోని అద్దాల మేడలలో పనిచేస్తూ ఉంటారు. ఒకనాటి సాయంకాలం నాన్నగారు ఇంటికి వచ్చి, చెప్పులు విడుస్తూ, "మా కంపెనీని ఇంకొక కంపెనీ కొనేసిందట" అన్నారనుకోండి. అమ్మ ముఖం చిన్నబోతుంది. బామ్మ జపం ఆపి వింటుంది. మీకేమో ఒక సందేహం కలుగుతుంది: "కంపెనీని కొంటే నాన్నను కూడా కొన్నట్టేనా?"

ఈ సందేహానికి ఎవరూ నవ్వవలసిన పని లేదు. పెద్దవాళ్ళకు కూడా దీనికి సరైన జవాబు తొందరగా తోచదు. మామిడిపళ్ళు కొంటే సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాం. ఇల్లు కొంటే తాళంచెవులు పుచ్చుకుంటాం. మరి కంపెనీని కొన్నవాళ్ళు ఏమి తెచ్చుకుంటారు? ఈ నెల ఆ సంగతి చెప్పుకుందాం.

ముందుగా ఒక చిన్న కంపెనీని మనమే పెడదాం.

ఒక వీధిలో పదిమంది పిల్లలు తలా 100 రూపాయలు వేసుకున్నారు. మొత్తం వెయ్యి రూపాయలయింది. దానితో కథల పుస్తకాలు కొని, అరుగు మీద ఒక బీరువాలో సర్ది, రోజుకు రెండు రూపాయల చొప్పున అద్దెకు ఇవ్వసాగారు. పదిమందీ తలా ఒక చీటీ రాసుకున్నారు. "ఈ చీటీ ఉన్నవారికి ఈ కొట్టులో పదోవంతు వాటా ఉన్నది" అని దాని మీద ఉంటుంది. లాభం వస్తే చీటీకి ఇంత అని పంచుకుంటారు. ఏ పుస్తకం కొనాలి, ఏది వద్దు అని పేచీ వస్తే చీటీకి ఒక ఓటు.

కంపెనీ అంటే ఇంతే. పెద్ద కంపెనీలకు ఇటువంటి చీటీలు కోట్ల సంఖ్యలో ఉంటాయి. వాటినే వాటాలనీ, షేర్లనీ అంటారు. ఆ వాటాలు ఉన్నవారందరూ రోజూ వచ్చి కొట్టు నడపలేరు గనుక, తమ తరఫున చూడమని కొందరిని ఎన్నుకుంటారు. వారే డైరెక్టర్లు. డైరెక్టర్ల సభను "బోర్డు" అంటారు. అంటే కంపెనీకి రెండు బోర్డులు ఉంటాయన్నమాట: గుమ్మం మీద పేరు రాసినది ఒకటి, లోపల కూర్చుని నిర్ణయాలు చేసేది ఒకటి.

సరే, మన పుస్తకాల కొట్టు బాగా నడుస్తున్నది. పక్క వీధి కుర్రవాడు ఒకడు అది తనకు కావాలనుకున్నాడు. అతనికి మూడు దారులు ఉన్నాయి.

మొదటి దారి: పదిమందిలో ఆరుగురి దగ్గర చీటీలు కొనుక్కోవటం. డబ్బు ఆ ఆరుగురి జేబులలోకి పోతుంది. కొట్టు పెట్టెలోకి ఒక్క పైసా రాదు. అయినా పది ఓట్లలో ఆరు అతనివే గనుక ఇకపై అతని మాటే చెల్లుతుంది.

రెండవ దారి: కొట్టువాళ్ళే కొత్త చీటీలు రాసి అతనికి అమ్మటం. అప్పుడు అతను ఇచ్చిన డబ్బు కొట్టు పెట్టెలోనే పడుతుంది. కొట్టుకు డబ్బు అవసరమైనప్పుడు ఈ దారి మంచిది.

మూడవ దారి: అతనికి కూడా తన వీధిలో ఒక పుస్తకాల కొట్టు ఉంటే, రెండు కొట్లనూ కలిపి ఒకటి చేయటం. మన చీటీలు చించివేసి, "మీ మూడు చీటీలకు మా చీటీ ఒకటి" అని లెక్క కట్టి కొత్తవి ఇస్తారు. దీనిని విలీనం అంటారు.

ఏ దారిన వచ్చినా అతను ఒక సంగతి మరిచిపోకూడదు. కొట్టువాళ్ళు పుస్తకాల షాపులో 200 రూపాయలు బాకీ ఉంటే ఆ బాకీ కొట్టుతోనే వస్తుంది. ఎవరైనా నెల అద్దె ముందుగా కట్టి ఉంటే, నెలాఖరు దాకా వారికి పుస్తకాలు ఇచ్చి తీరాలి. ఆస్తితోబాటు అప్పులూ, ఇచ్చిన మాటలూ కూడా వస్తాయి. అందుకే తెలివైనవాడు బీరువా కంటే ముందు లెక్కల పుస్తకం తెరిచి చూస్తాడు.

ఆ లెక్కల పుస్తకంలోనే అబద్ధం ఉంటే? అటువంటి కథ మన హైటెక్ సిటీలోనే ఒకటి జరిగింది.

ఇప్పుడు మీరు మెట్రో రైలులో దిగే మాదాపూరు ఒకప్పుడు బండరాళ్ళూ, తుప్పలూ ఉండే చోటు. అక్కడ సైబర్ టవర్స్ అనే గుండ్రని మేడ కట్టారు. 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి వాజ్‌పేయిగారు దానిని ప్రారంభించారు. అంతకు పదకొండేళ్ళ ముందే, 1987లో, హైదరాబాదులో సత్యం కంప్యూటర్ సర్వీసెస్ అనే కంపెనీ పుట్టింది. దానిని స్థాపించినవారు బి. రామలింగరాజుగారు. దేశదేశాల బ్యాంకులకూ, కర్మాగారాలకూ కావలసిన కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి పెట్టటం దాని పని. కంపెనీ ఎంతో పెరిగింది. 2008 నాటికి సుమారు 50 వేలమంది అందులో పనిచేస్తూ ఉండేవారు. మాదాపూరులో దాని ఆవరణను ఇన్ఫోసిటీ అనేవారు. ఊళ్ళలో తల్లిదండ్రులు "మావాడు సత్యంలో చేస్తున్నాడు" అని గర్వంగా చెప్పుకునేవారు.

2008 డిసెంబరు 16న సత్యం ఒక ప్రకటన చేసింది. మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రా అనే రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామన్నది. ఒకటి ఇళ్ళు, స్థలాల వ్యాపారం చేసేది. రెండోది రోడ్లు, పెద్ద కట్టడాలు కట్టేది. ఆ రెండూ రాజుగారి కుటుంబానికి చెందినవి. ఇంగ్లీషు అక్షరాలలో సత్యం పేరును చివరినుంచి మొదటికి చదివి చూడండి. మేటాస్ అని వస్తుంది!

వాటాదారులు మండిపడ్డారు. "కంప్యూటర్ కంపెనీకి ఇళ్ళ వ్యాపారం ఎందుకు? మా అందరి డబ్బుతో మీ ఇంటివారి కంపెనీలు కొనటమేమిటి?" అన్నారు. కొన్ని గంటలలోనే సత్యం ఆ ఆలోచన విరమించుకున్నది. కాని అనుమానం అప్పటికే పుట్టింది.

మూడు వారాలు గడిచాయి. 2009 జనవరి 7న రాజుగారు ఒక ఉత్తరం రాశారు. అది చదివి దేశమంతా నిర్ఘాంతపోయింది. కంపెనీ దగ్గర 5,361 కోట్ల రూపాయల నగదు ఉన్నట్టు లెక్కల పుస్తకంలో ఉన్నది గదా, అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని ఆయన ఒప్పుకున్నారు. అంటే పుస్తకంలో నూరు రూపాయలు ఉంటే పెట్టెలో ఉన్నది ఆరు రూపాయలు మాత్రమే!

ఇది ఒక్కరోజులో జరిగింది కాదు. మొదట లాభం కొంచెం ఎక్కువగా రాశారు. తరవాత ఆ అబద్ధాన్ని కప్పటానికి మరికొంత ఎక్కువ రాశారు. ఏళ్ళు గడిచేకొద్దీ లేని డబ్బు కొండలా పెరిగింది. పులినెక్కి, దిగితే అది తింటుందని భయపడేవాడి పరిస్థితి తనదని ఆయనే ఆ ఉత్తరంలో చెప్పుకున్నారు.

మరి మేటాస్ కంపెనీలను కొనాలనుకోవటం ఎందుకు? ఇది తెలియాలంటే మళ్ళీ మన అరుగు దగ్గరికి రావాలి. కొట్టు చూసే కుర్రవాడు పెట్టెలో 940 రూపాయలు లేకుండానే ఉన్నట్టు రాశాడనుకోండి. ఎవరైనా పెట్టె తెరుస్తారేమోనని వాడికి భయం. అప్పుడు వాడు, "మా అన్న సైకిలును కొట్టు కోసం 940 రూపాయలకు కొంటున్నాను" అంటాడు. అన్న తనవాడే గనుక డబ్బు కోసం తొందరపెట్టడు. పుస్తకంలో 940 రూపాయల నగదు కొట్టివేసి, "సైకిలు ఒకటి" అని రాస్తారు. ఆ తరవాత పెట్టె తెరిచినా ఫరవాలేదు. అడిగినవారికి సైకిలు చూపించవచ్చు! లేని ఆస్తి చోట ఉన్న ఆస్తిని పెట్టటానికి అది ఆఖరి ప్రయత్నమని రాజుగారు తమ ఉత్తరంలో రాశారు.

ఉత్తరం వెలువడిననాడు వాటాదారులకు ఏమయిందో చూడండి. ముందురోజు ఒక్కొక్క సత్యం వాటా ధర సుమారు 179 రూపాయలు. ఆ సాయంత్రానికి సుమారు 40 రూపాయలు. నూరు వాటాలు దాచుకున్న ఒక పింఛనుదారుకు 17,900 రూపాయల సొమ్ము ఒక్కరోజులో 4,000 అయి కూర్చున్నది. 50 వేల ఇళ్ళలో ఆ నెల జీతం వస్తుందో రాదో తెలియలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఆలోచించాలి. బియ్యపు మిల్లు దివాలా తీస్తే యంత్రాలు మిగులుతాయి. ఆరునెలల తరవాత అమ్మినా ఎవరో ఒకరు కొంటారు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే కంపెనీకి యంత్రాలు ఆస్తి కావు. పని తెలిసిన మనుషులూ, వారిని నమ్మి పని ఇచ్చే ఖాతాదారులూ దాని ఆస్తి. రెండు నెలలు జీతాలు ఆగితే మనుషులు వెళ్ళిపోతారు. మనుషులు వెళ్ళిపోతే ఖాతాదారులు వెళ్ళిపోతారు. ఆ తరవాత కొనటానికి మిగిలేవి కుర్చీలూ బల్లలే!

అందుచేత కేంద్ర ప్రభుత్వం ఆలస్యం చేయలేదు. నాలుగు రోజులు తిరగకుండానే పాత బోర్డును తీసివేసి కొత్త డైరెక్టర్లను నియమించింది. మొదట కిరణ్ కార్నిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్ గార్లు వచ్చారు. ఆ వెంటనే తరుణ్ దాస్, టి. ఎన్. మనోహరన్, ఎస్. బి. మైనక్ గార్లు కలిశారు. వారు బ్యాంకుల దగ్గర 600 కోట్ల రూపాయల అప్పు ఏర్పాటు చేసుకుని, జీతాలు ఆగకుండా చూశారు. ఖాతాదారులకు నచ్చజెప్పారు. కంపెనీని ఎవరికైనా సమర్థులకు అప్పగించటమే మంచిదని నిశ్చయించి, అందరికీ తెలిసేలా పోటీ పెట్టారు. పోటీ సక్రమంగా జరిగేటట్టు చూడటానికి సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి భరూచాగారిని పిలిచారు.

2009 ఏప్రిల్ 13న మూసిన కవర్లు తెరిచారు. వాటాకు ఎవరు ఎంత ఇస్తామన్నారో చూడండి. అమెరికాకు చెందిన విల్బర్ రాస్ 20 రూపాయలు. లార్సెన్ అండ్ టూబ్రో కంపెనీ 45 రూపాయల 90 పైసలు. టెక్ మహీంద్రా కంపెనీ 58 రూపాయలు. పోటీలో ఒక నియమం ఉన్నది: అందరికంటే ఎక్కువ చెప్పిన ధరలో నూటికి 90 వంతులకు తగ్గకుండా ఇంకెవరైనా చెబితే, వారిద్దరికీ మళ్ళీ వేలం పెట్టాలి. 58లో నూటికి 90 వంతులంటే 52 రూపాయల 20 పైసలు. రెండోవారి ధర అంతకు తక్కువ. కాబట్టి మళ్ళీ వేలం లేకుండానే సత్యం టెక్ మహీంద్రాకు దక్కింది.

టెక్ మహీంద్రాలో అప్పటికి ఉద్యోగులు సత్యంకంటే తక్కువే. చిన్నవాడు పెద్దవాణ్ణి ఎందుకు ఎత్తుకున్నాడు? టెక్ మహీంద్రాకు తెలిసిన పని ముఖ్యంగా టెలిఫోను కంపెనీలది. సత్యంవారికి బ్యాంకుల పని, కర్మాగారాల పని, ఇంకా ఎన్నో తెలుసు. ఒకరికి లేనిది రెండోవారి దగ్గర ఉన్నది. కంపెనీలు కంపెనీలను కొనటానికి తరచు ఇదే కారణం. పని నేర్చిన వేలమందిని కొత్తగా సమకూర్చుకోవాలంటే చాలా ఏళ్ళు పడుతుంది.

కొన్న పద్ధతి కూడా గమనించండి. మనం చెప్పుకున్న దారులలో ఇది రెండవది. సత్యం కంపెనీ 30 కోట్ల పైచిలుకు కొత్త వాటాలు సృష్టించి టెక్ మహీంద్రాకు ఇచ్చింది. అవి మొత్తం వాటాలలో నూటికి 31 వంతులు. ధర దాదాపు 1,756 కోట్ల రూపాయలు. ఆ డబ్బు రాజుగారికో, మరొకరికో పోలేదు. నేరుగా సత్యం పెట్టెలో పడింది. అయితే అప్పటి చట్టం ఇంకొక మాట కూడా చెప్పింది: పెద్ద వాటా కొన్నవారు "మీలో అమ్మదలచినవారి దగ్గర కూడా నూటికి 20 వంతుల వరకు కొంటాం" అని మిగతా వాటాదారులందరికీ కబురు చేయాలి. కొత్త యజమాని నచ్చని చిన్న వాటాదారుకు బయటికి పోయే దారి ఉండాలని ఈ ఏర్పాటు. కాని ఆ సమయానికి బజారులో ధర 58 రూపాయలను దాటిపోవటం వల్ల అమ్మటానికి ముందుకు వచ్చినవారు బహు తక్కువ.

2009 జూన్‌లో గుమ్మం మీది బోర్డు కూడా మారింది. కంపెనీని మహీంద్రా సత్యం అని పిలవసాగారు.

అంతా సుఖంగా జరిగిందని చెప్పటం నిజం కాదు. అంతమందికి చాలినంత పని లేదని వేలాదిమందిని ఆ ఏడు విడిగా ఒక జాబితాలో పెట్టారు. వారికి కొన్ని నెలలపాటు జీతంలో కొంత భాగమే ఇచ్చారు. ఆ ఇళ్ళలో ఎంత ఆందోళన పడ్డారో ఊహించుకోండి. తప్పుడు లెక్కలు రాసింది కొందరు. చిక్కులు పడింది ఆ లెక్కలతో ఏ సంబంధమూ లేనివారు.

రెండు కంపెనీలనూ వెంటనే కలిపివేయక నాలుగేళ్ళు ఎందుకు ఆగారని మీరు అడగవచ్చు. కలపాలంటే ఎన్ని వాటాలకు ఎన్ని వాటాలని లెక్క తేల్చాలి గదా! ఆ లెక్కకు ముందు అసలు లెక్కలు నిజం కావాలి. అవన్నీ మొదటినుంచీ తిరగతోడి, సరిచేసిన లెక్కలు ప్రకటించేసరికి 2010 సెప్టెంబరు వచ్చింది. 2012 మార్చిలో నిష్పత్తి ప్రకటించారు: 17 సత్యం వాటాలకు 2 టెక్ మహీంద్రా వాటాలు. ఒక కంపెనీ బొంబాయిదీ, ఒకటి హైదరాబాదుదీ గనుక బొంబాయి హైకోర్టూ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టూ రెండూ ఒప్పుకోవలసి వచ్చింది. 2013 జూన్‌లో విలీనం పూర్తి అయింది. సత్యం అనే పేరు ఇక లేదు. ఇప్పుడు ఇటువంటి విలీనాలను పరిశీలించేది జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్.

నేరం సంగతి ఏమయిందంటారా? 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రాజుగారితో సహా పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ళ శిక్ష వేసింది. వారు అప్పీలు చేసుకోగా, ఆ శిక్షను నిలిపి, మరుసటి నెలలో వారిని జామీను మీద విడుదల చేశారు.

విలీనాలన్నీ ఇటువంటి కష్టకాలంలోనే జరుగుతాయని అనుకోకండి. మీ తాతగారి పెట్టెలో వెతికితే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పాసుపుస్తకమో, ఆంధ్రా బ్యాంకు పాసుపుస్తకమో దొరకవచ్చు. మొదటిది 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసింది. రెండోది 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించినది. అది 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. వెయ్యి ఆంధ్రా బ్యాంకు వాటాలకు 325 యూనియన్ బ్యాంకు వాటాలు ఇచ్చారు. పేరు పోయింది గాని, తాతగారు దాచుకున్న డబ్బు పోలేదు. పాత బ్యాంకు ఇచ్చిన మాటను కొత్త బ్యాంకు నిలబెట్టాలి. అరుగు మీది కొట్టులో నెల అద్దె ముందుగా కట్టినవాడికి పుస్తకాలు ఇచ్చి తీరాలన్నది గుర్తుందా? అదే ఇది.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. కంపెనీని కొంటే నాన్నను కొన్నట్టేనా? కానే కాదు. కొన్నవారికి వాటాలు వస్తాయి, ఓట్లు వస్తాయి, బాకీలు వస్తాయి. మనుషులు రారు. నాన్నగారు ఇష్టమైతే కొత్త బోర్డు కింద పనిచేస్తారు, కష్టమైతే నియమం ప్రకారం నోటీసు ఇచ్చి వేరేచోట చేరతారు. సత్యం కథలో కొన్నవారికి బాగా తెలిసిన సంగతి ఇదే. ఆ 50 వేలమంది మర్నాడు పొద్దున్న మామూలుగా పనికి వస్తేనే వారు పెట్టిన 58 రూపాయలకు విలువ. చాలామంది వచ్చారు. అందుకే ఆ ఆవరణ ఈనాటికీ దీపాలతో వెలుగుతున్నది.

కాబట్టి నాన్నగారు ఆ సాయంకాలం అటువంటి వార్త తెస్తే బెంగపడకండి. కాస్త మంచినీళ్ళు ఇచ్చి, మూడు ప్రశ్నలు అడగండి: కొన్నవారికి మీ పని ఎందుకు కావలసివచ్చింది? వారిచ్చిన డబ్బు ఎవరి పెట్టెలో పడింది? లెక్కల పుస్తకం ఎవరు చూశారు? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే చాలా భయం తీరుతుంది. ఏదైనా ఒకదానికి జవాబు లేకపోతే, దానిని నాన్నగారు కూడా మరునాడు ఆఫీసులో అడగటం మంచిది.

చివరగా మీకొక లెక్క. ఒక బామ్మగారి దగ్గర 85 సత్యం వాటాలు ఉండేవి. విలీనం తరవాత ఆవిడకు ఎన్ని టెక్ మహీంద్రా వాటాలు వచ్చాయి? కాగితం మీద చేసి, మీ బామ్మగారికి చూపించి సరిచూడమనండి.